కదిలే ఇల్లు కొంటారా? ముందు కనిగిరి చుట్టూ తిప్పి చూడండి!

ప్రయాణమంటే మగవాళ్ళకి టికెట్టూ, టైమూ! మరి మనకో? ముందురోజు రాత్రి పులిహోర కలపడం దగ్గర్నించి దారిలో మంచినీళ్ళు తాగాలా వద్దా అనే లెక్క దాకా అన్నీ మనవే. తాగితే బాత్‌రూమ్ వెతుక్కోవాలి. పశ్చిమ ప్రకాశం రోడ్ల మీద కంది చేలూ, తుమ్మచెట్లూ, రాళ్ళగుట్టలూ దాటుకుంటూ పోతుంటే అది ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? అందుకే మండే ఎండలో కూడా గొంతెండగట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో!

అలాంటప్పుడు "పడకా, వంటగదీ, బాత్‌రూమూ అన్నీ వున్న బండి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిందట, కొందామా?" అని ఇంట్లో మాట వస్తే మనసు లాగకుండా వుంటుందా? లాగనివ్వండి, తప్పులేదు. కానీ మెళ్ళో గొలుసు బ్యాంకులో పెట్టేముందు ఆ బండిని మన కళ్ళతో, మన దారుల మీద చూడాలి. అద్దెల్లు చూడ్డానికి వెళ్తే ఏం చూస్తాం? గోడల రంగు కాదు కదా! నీళ్ళొస్తాయా, పొగ పోతుందా, దొడ్డి ఎక్కడ... ఇవే. బండికీ అవే ప్రశ్నలు!

గూడుబండి నుంచి క్యారవాన్ దాకా

కదిలే ఇల్లు మనకేం కొత్తకాదు. గూడుబండిలో గడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎక్కించుకుని తిరణాళ్ళకి వెళ్ళినవాళ్ళే మన పెద్దలు. చెట్టు కింద మూడు రాళ్ళు పెడితే అదే వంటగది. ఇక 1982లో ఎన్.టి.రామారావుగారు పాత షెవర్లే వ్యానును "చైతన్యరథం"గా మార్పించుకుని, కుమారుడు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరగడం తెలుగునాట ఎవరికి తెలీదు! పాత బండిని ఇల్లుగా మార్చుకోవచ్చని జనమంతా కళ్ళారా చూసింది అప్పుడే. ఇప్పుడు సినిమా షూటింగుల దగ్గర కనిపించే క్యారవాన్‌లు దానికి మనవళ్ళూ, మనవరాళ్ళూ అన్నమాట!

అమ్మకానికొచ్చే పాత బళ్ళు మూడు రకాలు. మొదటిది, బస్సు ఛాసిస్ మీద కట్టిన పెద్ద క్యారవాన్. లోపల సోఫా, పెద్ద టీవీ, అద్దాలూ, దీపాలూ... అబ్బో, కళ్ళు చెదిరిపోతాయి! రెండోది, టెంపో ట్రావెలర్ లాంటి వ్యానులో రెండు పడకలు, చిన్న వంటగట్టు, మూల బాత్‌రూమ్ అమర్చింది. మూడోది, సీట్లు మడిస్తే పడకయ్యే చిన్న వ్యాను. దీన్లో బాత్‌రూమ్ వుండదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలంటే షెడ్డులో నిలబెట్టి చూస్తే చాలదు. అమ్మేవాళ్ళని కూడా వెంటబెట్టుకుని, డీజిలు మనమే పోయించి, ఒక్కరోజైనా తిప్పి చూడాలి. కుదర్దంటారా? కనీసం మనసులోనైనా ఈ మూడు దారులూ తిప్పండి.

మొదటి దారి: భైరవకోన

కనిగిరి నుంచి సి.ఎస్.పురం మీదుగా భైరవకోన. నల్లమల కొండను తొలిచి చెక్కిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం... చూసి తీరాల్సిన చోటు. కార్తీక పౌర్ణమినాడు వెన్నెల అమ్మవారి మీద పడుతుందని భక్తులు చెబుతారు. అందుకే ఆ రోజు ఇసకేస్తే రాలనంత జనం.

ఇక్కడే పెద్ద క్యారవాన్‌కి మొదటి పరీక్ష! పల్లెల్లో దారికడ్డంగా వేలాడే కరెంటు తీగలు, వేపకొమ్మలు, ఎదురొచ్చే గడ్డి ట్రాక్టర్లు... బండి ఎత్తెంతో, మలుపు తిరగడానికెంత చోటు కావాలో కొనకముందే కొలవండి. ఇంకోమాట. మొత్తం బరువు 7,500 కిలోలు దాటిన బండి నడపాలంటే మామూలు కారు లైసెన్సు పనికిరాదు, హెవీ లైసెన్సున్న డ్రైవరుండాలి. ఆయన జీతం, భోజనం, పడక కూడా మన లెక్కలోకే వస్తాయి సుమా!

ఎక్కే మెట్టు చూడ్డం మర్చిపోకండి. అత్తగారు మోకాళ్ళ నొప్పితో ఆ మెట్టు ఎక్కగలరా? పట్టుకోడానికి కమ్మీ వుందా? ఆవిడ కోసం కొంటున్న బండిలోకి ఆవిడే ఎక్కలేకపోతే ఎందుకది?

రెండో దారి: కంభం చెరువు

రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి అడ్డుగా కట్టేసిన చెరువిది. విజయనగర రాజుల కాలం నాటిది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించారు. ఒక ఆడకూతురి పేరు ఇన్ని వందల ఏళ్ళు నీళ్ళతో కలిసి నిలిచిపోయిందంటే ముచ్చటగా లేదూ? ఆ కట్ట మీద నిలబడి మన బండి నీళ్ళ లెక్క చూద్దాం.

ఇంట్లో అయిదుగురనుకోండి. తాగడానికీ, వంటకీ మనిషికి రోజుకి 5 లీటర్లు. మొహాలు, గిన్నెలు కడగడానికి 10. బాత్‌రూమ్‌కి ఇంకో 10. అంటే అయిదుగురికి రోజుకి 125 లీటర్లు, రెండు రోజులకి 250. "వంద లీటర్ల ట్యాంకుందమ్మా" అని గొప్పగా చెబుతారు. అది మొదటిరోజు పూర్తవకుండానే అడుగంటుతుందన్నమాట! పోనీ పెద్ద ట్యాంకు పెట్టిద్దామా అంటే, లీటరు నీళ్ళు కిలో బరువు. 250 లీటర్లంటే నలుగురు మనుషుల్ని అదనంగా ఎక్కించుకున్నట్టే.

దారిలో బోరు దగ్గర నింపుకుందాం అనుకుంటున్నారా? కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధ మనకి కొత్తగా చెప్పాలా? లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. కాస్తే క్రిములు చస్తాయేగానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకని తాగేనీళ్ళకీ, వాడుకనీళ్ళకీ విడివిడి ట్యాంకులున్న బండికే మార్కులెయ్యండి. తాగేనీళ్ళు ఇంటిదగ్గరే మంచివి నింపుకు బయల్దేరండి.

నీళ్ళు వచ్చినట్టే పోవాలి కూడా. గిన్నెలు కడిగిన నీళ్ళకో తొట్టి, బాత్‌రూమ్‌కో తొట్టి వేరుగా వుండాలి. రెండో తొట్టిని ఎక్కడ ఖాళీ చేస్తారు? కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ టూరిజం విధానం తెచ్చి, బళ్ళు ఆపుకుని నీళ్ళూ కరెంటూ తీసుకునే పార్కుల్ని ప్రోత్సహించింది. మన దారుల్లో అలాంటివి వుంటాయని నమ్ముకుని బయల్దేరకూడదు. ఇంటి సెప్టిక్ ట్యాంకులోకి గొట్టం అందుతుందో లేదో ముందే చూసుకోండి. వాగుల్లో, అడవిలో వదలడం మహాపాపం!

మూడో దారి: శ్రీశైలం ఘాటు

మార్కాపురంలో చెన్నకేశవస్వామికి దణ్ణం పెట్టుకుని, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే దారి పులుల అభయారణ్యంలోంచి పోతుంది. సాధారణంగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. "బండిలోనే ఇల్లుంది కదా, ఎక్కడైనా ఆపి పడుకుందాం" అనే మాట అక్కడ చెల్లదు. చీకటి పడకముందే కొండ ఎక్కేయాలి.

ఎక్కేటప్పుడు ఇంజను వేడి ముల్లు చూడండి. దిగేటప్పుడు బ్రేకుల దగ్గర కాలిన వాసన వస్తుందేమో గమనించండి. నీళ్ళ ట్యాంకు నింపి మరీ తిప్పితేనే అసలు సంగతి బయటపడుతుంది. టైరు అంచున నాలుగంకెలుంటాయి. 3219 అని వుంటే 2019లో 32వ వారం తయారైందని అర్థం. క్యారవాన్‌లు తిరిగేకన్నా నిలబడేది ఎక్కువ కాబట్టి గాళ్ళు కొత్తగా కనిపించినా రబ్బరు పాతబడి వుంటుంది.

రాత్రికి ఏసీ సంగతి కూడా అడగండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో నిక్కంగా వాడుకోగలిగేది సగమే. దానితో 1,200 వాట్ల ఏసీ ముప్పావుగంట తిరగడం కూడా కష్టం! జనరేటరుందంటారు. అది లోపలికి పొగ కొడితే నిద్రలోనే ప్రాణం మీదికొస్తుంది. కిటికీకి దూరంగా పొగగొట్టం వుందా? చూడండి.

మనకే తెలిసే పరీక్షలు

బండెక్కగానే గట్టిగా గాలి పీల్చండి. సెంటు వాసన గుప్పుమంటే అనుమానించండి, దాని కింద చెమ్మ వాసన దాగుండొచ్చు. పైకప్పు మూలల్లో బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగిందా? వానకి కారుతోందన్నమాట. ఆ చెక్కంతా మార్పించాలంటే కొన్నంత ఖర్చు.

గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే కిందికి దిగి నేలమీద పరుచుకుంటుంది. కాబట్టి సిలిండరు అరకి అడుగున గాలి కంత తప్పనిసరి. బండి కదులుతుండగా పొయ్యి వెలిగించే ముచ్చట అసలొద్దు. ఆపి, తలుపు తీసి వండుకోండి.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్‌ని 2004లో కేంద్రం రవాణాయేతర వాహనాల్లో చేర్చింది. ఆర్‌సీలో బస్సనో, ప్యాసింజరు బండనో రాసి వుండి లోపల పడకా, పొయ్యీ వుంటే ఆ మార్పుకి రవాణాశాఖ అనుమతి వుందా అని అడగండి. లేకపోతే రేపు ప్రమాదమైతే ఇన్సూరెన్సు దగ్గర పేచీ. ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పుంటే తీరినట్టు ఫారం 35 తీసుకోండి. వేరే రాష్ట్రం బండికి ఎన్ఓసీ, మన రాష్ట్రంలో పన్నూ వుంటాయి. 2014 నుంచి హైదరాబాదు బండి కూడా మనకి వేరే రాష్ట్రం బండే కదా!

చివరి లెక్క

శివరాత్రి, కార్తీకం, వేసవి సెలవులు, రెండు పెళ్ళిళ్ళు... ఎంత లెక్కేసినా ఏడాదికి 20 రోజులు దాటదు. మిగతా 345 రోజులు ఆ బండి ఎండలో నిలబడి ఇన్సూరెన్సూ, బ్యాటరీలూ, టైర్లూ తింటుంది. అదే బండి ఆ 20 రోజులకి అద్దెకి తెచ్చుకుంటే ఎంతవుతుందో కాగితం మీద రాసి వాయిదాల పక్కన పెట్టండి. నోటితో అంటే ఎవరూ వినరు, అంకెలు చూపిస్తే వింటారు!

ఇంత చూశాక కూడా కొనాలనే అనిపిస్తే మన దారులకి, మన మెకానిక్కుల చేతికి నప్పేది రెండోరకం, ట్రావెలర్ సైజు బండే. సోఫా లేకపోయినా ఫరవాలేదు. గట్టి కప్పు, వేరు వేరు నీళ్ళ ట్యాంకులు, గడియపడే బాత్‌రూమ్... ఈ మూడూ వుంటే చాలు. అవి వున్న బండిని ముందొక్కసారి అద్దెకి తీసుకోండి. 565 నంబరు జాతీయ రహదారి కనిగిరి మీదుగానే పోతుంది. ఇటు నాగార్జునసాగరైనా, అటు తిరుపతి వైపైనా మీ ఇష్టం. వెళ్ళొచ్చాక ఇంట్లో ఆడవాళ్ళంతా దారిపొడుగునా దాహమేసినప్పుడల్లా నీళ్ళు తాగారా లేదా అని అడగండి. తాగామంటేనే బేరం మొదలుపెట్టండి!