గండూపదం

అమరకోశం వారివర్గంలో వానపాముకు మహీలత, గండూపదం, కించులకం అని పేర్లున్నాయి. నేలలో బ్రతికే ప్రాణిని అమరసింహుడు నీటి ప్రకరణంలో ఎందుకు చేర్చాడో, ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెప్పినా నేనెన్నడూ ఆలోచించలేదు.

1982లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, కోరింగ మడ అడవుల దాపున ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. ఒకనాడు మహీలత అంటే నేలతీగ అని చెబుతూ, కాళ్ళు లేని ప్రాణి కనుక తీగతో పోల్చారన్నాను. వెనుక బల్ల నుండి వేటకు వెళ్ళేవారి పిల్లవాడొకడు లేచి, "మా మడ బురదలో ఎర్రకి కాళ్ళుంటాయండి మాస్టారూ, బోలెడుంటాయండి" అన్నాడు. తరగతి గొల్లుమంది. ఎర్రకు, జెర్రికి భేదం తెలియదా అని వాణ్ణి బల్లమీద నిలబెట్టాను. మరునాడు కొబ్బరిచిప్పలో బురదతో సహా దానిని పట్టుకొచ్చాడు. చూడకుండానే పారవేయించాను. ఆ వేసవి తరువాత వాడు బడికి రాలేదు. తండ్రితో పడవ ఎక్కాడని విన్నాను.

2018లో మా అబ్బాయి వద్దకు జర్మనీ వెళ్ళినపుడు వాడెన్ సముద్ర తీరానికి తీసుకువెళ్ళాడు. పాటు సమయంలో సముద్రం కనుచూపుమేర వెనుకకు తగ్గుతుంది. ఆ బురదనేలపై ఎటుచూసినా జంతికల గొట్టం నుండి జారిన చుట్టల వంటి ఇసుక కుప్పలే. దారి చూపే ఆవిడ పారతో తవ్వి ఒక పురుగును నా అరచేతిలో పెట్టింది. పేరు అరెనికోలా. లాటిన్‌లో ఇసుకలో నివసించేదని అర్థం, మన సైకతవాసి. నడుమ ఇరువైపులా పదమూడు జతల ఎర్రని మొప్పలు, వరుసగా శూకాలు. మడ బురదలో దాని బంధువులకు పార్శ్వపాదాలు ఇంకా స్పష్టంగా ఉంటాయట. నాకు కొబ్బరిచిప్ప జ్ఞాపకం వచ్చింది.

తిరిగివచ్చాక పట్టుదలగా చదివాను. కోరింగ 17వ అక్షాంశానికి కొంచెం దక్షిణాన ఉన్నది, ఆ తీరం 54వ డిగ్రీ దాపున. మడచెట్టు గడ్డకట్టే చలికి తాళలేదు; అందుచేత ఉత్తరాన దాని స్థానంలో ఉప్పునోర్చే గడ్డి ఉంటుంది. తిండి మారితే తినేవారూ మారుతారు. మడ ఆకులో వగరు మెండు; పీతలు చీల్చి, సూక్ష్మజీవులు నానబెట్టి మెత్తజేస్తే గాని పురుగుకు అది పనికిరాదు. అక్కడ బురద మీద పెరిగే కంటికానని నాచే ముఖ్యాహారం. అక్కడి పురుగుకు శీతకాలం గండం, ఇక్కడి పురుగుకు గోదావరి వరద గండం. జూలై దాటితే ఎర్రనీరు వచ్చి ఉప్పు విరిచేస్తుంది, తట్టుకోగలిగినదే నిలుస్తుంది. కనుక అక్షాంశమొక్కటే అన్నిటినీ నిర్ణయించదు.

ఉష్ణదేశంలో ప్రాణికోటి అధికమని కదా మన నమ్మకం. నేలలోని నులిపురుగుల లెక్క దీనికి విరుద్ధం. 2019లో ప్రచురితమైన ప్రపంచవ్యాప్త పరిశోధన ప్రకారం, వాటిలో సుమారు 38 శాతం ఉత్తరపు చలి అడవులలోను, టండ్రాలలోను ఉన్నాయి. చలికి కుళ్ళు నెమ్మదిస్తుంది. నేలలో సేంద్రియ పదార్థం పోగుపడుతుంది. వాటికి తిండి దొరుకుతుంది.

ఇదంతా చదివాక మళ్ళీ అమరం తీశాను. గండూపదమంటే గణుపులే పాదాలుగా గలది. నేను వల్లెవేయించిన మాటలోనే పాదాలున్నాయి! వాడు తెచ్చినదానికి సరిపోయే పేరు ఆనాడు నా నాలుక మీదే ఉన్నది, ఇవ్వలేకపోయాను. వాడికిప్పుడు యాభై దాటి ఉంటాయి.

తీరప్రాంతపు మిత్రులెవరైనా చదువుతూ ఉంటే, మీ వైపు బురదలోని కాళ్ళ ఎర్రను ఏమంటారో వ్రాయండి. ఈసారి నేను వినడానికి సిద్ధంగా ఉన్నాను.