మా బిళ్ళకు కొత్త ఇల్లు

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాయనను పోరుపెట్టి బెంగళూరులో ఒక తాబేలు పిల్లను కొనిపించుకున్నాను. అది పది రూపాయల బిళ్ళ కంటె కొంచెం పెద్దది, అంతే. అందుకే దానికి బిళ్ళ అని పేరు పెట్టినాము. ఆకుపచ్చ చిప్ప, కన్ను వెనకాల ఎర్రటి చార. "ఇది ఇంతే ఉంటుంది, పెరగదు" అన్నాడు అంగడాయన. నేను నమ్మినాను.

నాలుగేండ్లకు బిళ్ళ నాయన అరచెయ్యి కంటె పెద్దదయింది. ప్లాస్టిక్ టబ్బులో తిరగడానికి చోటు లేదు. మొదట్లో నేనే రోజూ నీళ్ళు మార్చేవాడిని. తర్వాత ట్యూషన్ అనీ, క్రికెట్ అనీ మానేసినాను. ఆ పని అమ్మ మీద పడింది. ఈ ఏడు మేము హోసూరులోనే చిన్న ఇంటికి మారవలసి వచ్చింది. "దాన్ని ఎవరికన్నా ఇచ్చెయ్ రా, నా చేత కాదు" అనింది అమ్మ.

"కూర్మావతారం అది. చెరువులో వదిలితే పుణ్యం" అనింది అవ్వ. నాకూ అదే సులభం అనిపించింది. బకెట్‌లో పెట్టుకొని పోవాలనుకున్న ముందు రోజు మా సైన్సు సారును అడిగినాను.

సారు చెప్పిన మాటలు విని భయమేసింది. ఇది మన దేశపు తాబేలు కాదు, అమెరికాలోని మిసిసిపీ నది ప్రాంతంది. చెరువులో వదిలితే చేపపిల్లలను, కప్పల తోకపిల్లలను, నీటి మొక్కలను తింటుంది. మన తాబేళ్ళు ఎండకు కూర్చునే రాళ్ళను కూడా ఆక్రమిస్తుంది. "ఒక్కటే కదా అని అందరూ వదిలితే చెరువు ఏమవుతుంది?" అన్నారు. అవ్వకు ఈ మాట చెప్పినాను. ఆమె కాసేపు ఊరకుండి, "కొనేటప్పుడు ఇవన్నీ అడగలేదా?" అనింది. నాకు జవాబు లేదు.

అప్పటినుంచి వెతుకులాట. కొన్న అంగడికి పోతే "పెద్దవి ఎవరూ కొనరు" అన్నారు. మా మామ గులాబీ తోటలో పెద్ద తొట్టి ఉంది కానీ, ఆ నీళ్ళలో ఎరువులు కలుపుతారు. ఒకాయన ఫోన్ చేసి వాస్తుకు మంచిదని అడిగినాడు. అది ఏమి తింటుందని మాత్రం అడగలేదు. ఇవ్వనని చెప్పినాను. "ఊరికే తీసుకునేవాళ్ళను కూడా వద్దంటావా?" అని అమ్మ కోప్పడింది.

చివరకు సారుకు తెలిసిన ఒక మేడం దొరికినారు. వాళ్ళ ఇంట్లో చుట్టూ కంచె కట్టిన సిమెంటు తొట్టి, అందులో ఇలాంటివే రెండు తాబేళ్ళు. ఆమె ఇస్తావా అని అడగలేదు, నన్నే ప్రశ్నలు వేసినారు. ఎండ ఎన్ని గంటలు? ఎక్కి కూర్చోవడానికి రాయి ఉందా? ఏమి పెడుతున్నావు?

"బొరుగులు, అన్నం" అన్నాను తల వంచుకొని.

ఆమె చిప్ప అంచు మెల్లగా నొక్కి చూసినారు. మెత్తగా ఉంది. ఎండ, కాల్షియం చాలక అట్లయిందన్నారు. నన్ను తిట్టలేదు. తిట్టింటే బాగుండు అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ బకెట్ చాలా బరువుగా తోచింది.

దసరా సెలవుల్లో చూడను పోయినాను. బిళ్ళ రాయి మీద మెడ చాపి, కాళ్ళు బార్లా పెట్టి ఎండ కాచుకుంటా ఉండింది. దాన్ని నేనెప్పుడూ అట్ల చూడలేదు. పేరు పెట్టి పిలిస్తే నీళ్ళలోకి దూకేసింది. కొంచెం బాధేసింది. అయినా నవ్వుకుంటా వచ్చినాను. పాత టబ్బులో ఇప్పుడు అమ్మ పుదీనా పెంచుతోంది. దానికి నీళ్ళు పోసేది నేనే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ తాబేలు 30 ఏండ్లు కూడా బతకగలదు. కొనేముందు ఎంత పెరుగుతుంది, ఎన్నేండ్లు ఉంటుంది అని అడగండి. మన చెరువుల్లోని తాబేళ్ళనైతే పట్టి పెంచనేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నేను అడగనందుకు నాలుగేండ్లు కష్టపడింది నేను కాదు, బిళ్ళ.