గోడలు వేరు, తీగెలు ఒక్కటి

మన పల్లెలలో అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇంటి మధ్య గోడ పెట్టుదురు, పొయ్యి వేరు చేయుదురు, మీటర్లు కూడ వేరుగా తెచ్చుకొందురు. గోడలో పూర్వము వేసిన కరెంటు తీగెలను వేరుచేయుట మాత్రము మరచిపోవుదురు. దానివలన వచ్చు కీడు కొంచెము కాదు.

మా తర్లుపాడులో ఆలాటి పాత మేడ ఒకటి కలదు. ఒకప్పుడు అది ఒకే కుటుంబముది. నేడు నాలుగు వాటాలు, నాలుగు మీటర్లు, అందరును అద్దెవారే. క్రింది వాటాలోనుండు ఒక విధవరాలు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, మెయిను ఆపేసి ఊరికి పోయొచ్చినా నా మీటరు తిరిగింది. పైవాళ్లు నా కరెంటు దొంగతనంగా వాడుకుంటన్నారు” అనెను. ఆ మాట విని పైవాటావారు ఆమెతో పలుకుట మానిరి. అదియుగాక, ఆమె కొత్తగా పెట్టించిన ట్రిప్పరు వంటింటి ట్యూబులైటు వేసినప్పుడెల్ల పడిపోవుచుండెను.

మార్కాపురమునుండి అనుభవముగల పనివానిని పిలిపించితిమి. అతడు ఏ తీగెను ముట్టకమునుపే నాలుగు మెయిన్లును ఆపించెను. తరువాత ఒక్కొక్కటిగా వేయుచు, ఏ మెయినుకు ఏ గదిలో దీపము వెలిగినదో పిల్లలచేత పలకమీద వ్రాయించెను. పలకలకు పేరుపడిన సీమ గదా మనది!

నాలుగు మెయిన్లు ఆపినను మెట్లమీది దీపము వెలుగుచునే యుండెను. ఆ దీపమునకును నీళ్ల మోటారుకును పోవు తీగె ఆమె మీటరు దాటిన తరువాత, మెయినుకు ముందే అతికియుండెను. అందుచేతనే మెయిను ఆపినను మీటరు తిరిగెను. ఇక వంటింటి లైటుకు ఫేజు ఆమె మెయినునుండి వచ్చుచు, న్యూట్రలు పైవాటా నల్లతీగెలో కలియుచుండెను. వెళ్లిన కరెంటును తిరిగివచ్చిన కరెంటును సరిచూచుటయే ట్రిప్పరు పని. ఇండ్లలో సాధారణముగా పెట్టునది 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినచో ఆపివేయును. ఇచ్చట వెళ్లినది ఒక దారి, తిరిగినది మరియొక దారి గనుక ట్రిప్పరు తన పని తాను సరిగానే చేయుచుండెను.

ప్రాణాపాయము ఇక్కడనే యున్నది. ట్రిప్పరు లేని రోజులలో పైవాటావారు తమ మెయిను ఆపి, నల్లతీగెలో ఏమియు ఉండదని దానిని విప్పి పట్టుకొనినయెడల, క్రింది లైటు మీదుగా 230 వోల్టుల కరెంటు వారికి తగిలియుండును. న్యూట్రలులో విడి ఫ్యూజు పెట్టరాదని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలోనే ఉన్నది. ఏలయనగా ఆ ఫ్యూజు కాలినప్పుడు దీపము ఆరును గాని తీగె చావదు. అయినను పాత బోర్డులలో అవి ఇంకను కనబడుచున్నవి.

దొంగ ఎవరును లేరు. అవన్నియు ఒకే కుటుంబముగా ఉన్న కాలపు అతుకులు. ఆమె మేడ ఎక్కి, “అక్కా, తెలీక అన్నాను” అనగా, పైయామె ఆమెకు పీట వేసెను. లైనుమాన్ వచ్చి స్తంభమువద్ద కరెంటు ఆపిన తరువాత పనివాడు అతుకులు విప్పెను. మెట్లదీపమునకును మోటారుకును ఇంటి యజమాని వేరు మీటరు తెప్పించెను.

సహోదరులారా, మీ ఇల్లు పాతదైనచో తీగె రంగును నమ్మకుడి. మెయిను ఆపిన తరువాత కూడ పరీక్షింపక ముట్టకుడి. మన మెట్టనేలలో వేసవిని ఎర్తుగుంట ఎండిపోవును, దానికి నీళ్లు పోయుడి. ఏ మెయిను ఏ గదిదో వ్రాసి బోర్డుప్రక్కన అంటించుడి. పొరుగువారిమీద నింద వేయకమునుపు తీగె ఎక్కడికి పోవుచున్నదో చూడుడి.