చివరి నట్టు

ఈసారి వంటల కబుర్లు కాదండీ. కారు కబురు. కారు గురించి నాకేం తెలుసని నవ్వకండి, చివరిదాకా చదవండి.

మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ మా ఇంటికి పద్నాలుగు కిలోమీటర్లు. మావారు బ్యాంకుకి వెళ్తూ కారులో దింపేవారు. వానలు మొదలయ్యాక అద్దాలు బిగించుకుని వెళ్తున్నారు. అప్పట్నుంచి పాప ఒకటే మాట: "అమ్మా, కాలేజీకి వెళ్లేసరికి తల దిమ్ముగా ఉంటోంది, కడుపులో తిప్పుతోంది."

కళ్ల డాక్టరుకి చూపించాం. చూపు బాగానే ఉందన్నారు. రాత్రి ఫోను చూడొద్దన్నాను. పొద్దున్న ఖాళీ కడుపుతో వెళ్లొద్దని ఇడ్లీలు కుక్కి పంపాను. తగ్గలేదు. ఒకరోజు విసుగొచ్చి, "ఆదివారాలు రాదేమే ఈ తలనొప్పి? కాలేజీ ఎగ్గొట్టడానికేగా నాటకాలు!" అనేశాను. పాప నావైపు చూసి, ఏమీ అనకుండా సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

కారు వయసు పాప కంటే ఎక్కువ. మామయ్యగారు కొన్నది, ఆయన గుర్తుగా ఉంచుకున్నాం. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని చప్పుడు, కాస్త దూరం వెళ్లాక తగ్గేది. మేం చూపించిన మెకానిక్ "పాత బండి కదమ్మా, అలాగే ఉంటుంది" అన్నాడు. నెల తర్వాత వేరే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, ఇంజన్‌కి పొగగొట్టం అతుక్కునే చోట మసి చార చూపించాడు. "ఇక్కడ గాస్కెట్ పోయింది. పొగ సైలెన్సర్ దాకా పోకుండా ఇక్కడే లీకవుతోంది. అద్దాలేసుకుని తిరక్కండి" అన్నాడు.

మన కుక్కర్ గాస్కెట్ పాతబడితే పక్కనుంచి ఆవిరి పోతుంది చూడండి, అదే సంగతి. ఇనుము వేడెక్కి సాగితే సందు కొంత మూసుకుంటుంది, చప్పుడు తగ్గుతుంది. తగ్గినంత మాత్రాన బాగైనట్టు కాదు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. బయటి గాలి లోపలికొచ్చే దారి బానెట్ వెనకే కాబట్టి, దాంతోపాటు అదీ కారులోకి వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట తాను కూర్చుంటుంది. మొదటి లక్షణాలు తలనొప్పి, మగత, వికారం. ఎక్కువైతే ప్రాణమే పోతుంది.

మావారు ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే నా చేతిలో చపాతీ పిండి అలాగే ఉండిపోయింది. ఆదివారం తలనొప్పి ఎందుకు రాదో అప్పుడర్థమైంది. ఆదివారం పాప కారెక్కదు.

మర్నాటి నుంచి పాప బస్సులో వెళ్లింది. తలనొప్పి మళ్లీ రాలేదు.

పెద్దాయనకి రెండు వారాల దాకా తీరికలేదట. "తుప్పు పట్టిన బోల్టులు, విరిగితే పని పెరుగుతుంది" అని ముందే చెప్పాడు. మావారు డిప్లొమా చదివినవారు, "నేనే చేస్తా" అన్నారు. మూడు రాత్రులు నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టారు. ఆదివారం పొద్దున్న, చల్లని ఇంజన్ మీద పని మొదలుపెట్టారు. నట్టు అంచులు అరిగిపోకుండా ఆరు పలకల సాకెట్ తెచ్చారు. పైవరస నట్లు ఒక్కొక్కటీ కీచుమంటూ వచ్చాయి. కిందివరసలో మూలనున్న చివరి నట్టు దగ్గర ఆగిపోయింది పని. పానా పెడితే తిరిగే చోటు లేదు. పొడుగు రాడ్డుకి మెడ తిరిగే జాయింటు తగిలించి పెడితే సాకెట్ నట్టు మీద కూర్చోదు. ఆయన చెయ్యేమో మణికట్టు దగ్గరే ఆగిపోతోంది. మధ్యాహ్నానికి చేతినిండా గీతలు, నోటినిండా విసుగు.

"నా చెయ్యి పడుతుందేమో చూడనా?" అన్నాను. ఆవకాయ జాడీ అడుగు నుంచి ముక్క తీసే చెయ్యి, కుట్టుమిషన్ కింద బాబిన్ సర్దే చెయ్యి, సింకు గొట్టంలో చెంచాలు వెతికే చెయ్యి. ఆయన నవ్వారు గానీ పక్కకి జరిగారు.

గాజులు అడ్డం. సబ్బు రాసి తీసేస్తుంటే అత్తయ్య చూశారు. తిడతారనుకున్నాను. లోపలికెళ్లి పసుపుదారం తెచ్చి నా మణికట్టుకి కట్టి, "బోసి చెయ్యి వద్దు. ఇప్పుడు పెట్టు" అన్నారు.

నా పౌడర్ డబ్బా అద్దం పాప పట్టుకుంది, టార్చి కూడా తనదే. అద్దంలో నట్టు సగమే కనబడుతోంది. మిగతాది వేలితో తడిమి చూసుకున్నాను. సాకెట్‌ని రెండు వేళ్లతో నట్టు మీద నిటారుగా కూర్చోబెట్టి, "ఊఁ, తిప్పండి" అన్నాను. ఆయన పైనుంచి రాడ్డు మెల్లగా తిప్పారు. రాలేదు. కొద్దిగా బిగించి, మళ్లీ వదులు చేశారు. మూడోసారికి నా వేళ్ల కింద నట్టు కదిలింది. ఆ కదలిక ఇప్పటికీ నా వేళ్లకి గుర్తుంది.

పాత గాస్కెట్ గీకి, శుభ్రం చేసి, కొత్తది వేశాం. నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ కొద్దికొద్దిగా బిగించాలట, లేకపోతే ఒకవైపు పైకి లేస్తుందట. చివరి నట్టు మొదటి చుట్లు నేనే వేళ్లతో తిప్పాను. మర్నాడు పెద్దాయన దగ్గరికి, అద్దాలన్నీ దించుకుని తీసుకెళ్లి చూపించాం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి విన్నాడు. చప్పుడు లేదు, లీకూ లేదు.

మీ బండి పొద్దున్నే టిక్ టిక్ మంటుంటే, కారెక్కినప్పుడే ఎవరికైనా తలనొప్పి వస్తుంటే వెంటనే చూపించండి. మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి ఉంచకండి.

ఆ ఆదివారం రాత్రి పాప నా చేతి గీతలకి పసుపు రాస్తుంటే, "ఆరోజు నాటకాలన్నాను, తప్పే" అన్నాను.

"నువ్వు అన్నాక నాకే అనుమానం వచ్చిందమ్మా, నిజంగానే నటిస్తున్నానేమోనని" అంది.

పిల్లలు నొప్పి అంటే ముందు నమ్మండి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.