లెక్క తప్పిన నెలలు

తెలుగునాట ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే ఊరంతటికీ కబురు వెళ్తుంది. చాపమీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి పెట్టి, పేరంటాళ్లు హారతులిస్తారు. అస్సాములో ఈ వేడుకను పెళ్లి అన్న పేరుతోనే పిలుస్తారు. ఒడిశాలో రజ పండుగ మూడు రోజులూ భూదేవి రజస్వల అయిందని నాగలి కదపరు. ఇంత బహిరంగంగా ఆరంభమైన విషయం, వేడుక ముగిసిన మర్నాటినుంచీ నోట పలకరానిదైపోతుంది. ఆ పిల్లకు మరుసటి నెల బహిష్టు అయిందో లేదో, అయితే ఎన్నాళ్లున్నదో అడిగేవారుండరు.

ఈ మౌనంవల్ల కలిగే అనర్థాలు రెండు. భయపడనక్కరలేని చోట భయపడటం ఒకటి. ఓర్చుకోకూడని దానిని ఓర్చుకోవడం రెండవది.

మెదడులోని హైపోథాలమస్, దాని దిగువనున్న పిట్యూటరీ గ్రంథి, పొత్తికడుపులోని అండాశయాలు - ఈ మూడింటికీ పొందిక కుదరడానికి కొంతకాలం పడుతుంది. మొదట్లో చాలాసార్లు అండం విడుదల కాకుండానే రక్తస్రావం జరుగుతుంది. అందుచేత తొలి మూడేళ్లలో 21 రోజులకు వచ్చినా, 45 రోజులకు వచ్చినా సాధారణంగా కలవరపడవలసిన పని లేదు. అందరూ చెప్పే 28 రోజులు సగటు మాత్రమే, శాసనం కాదు.

ఇక రెండవది. ఇంటర్మీడియెట్ చదివే పిల్ల నాలుగు నెలలుగా నెలసరి రాలేదని తల్లి చెవిన వేస్తే, "పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే, ఎవరితోనూ అనకండి" అని అమ్మమ్మ అనడం మన ఇళ్లలో వినని మాట కాదు. సంబంధాలు చూసే వేళ ఈ సంగతి పొక్కితే ఏమవుతుందోనన్న బెంగ ఆ మాట వెనుక ఉంది. కాని పెళ్లి ఏ గ్రంథికీ చికిత్స కాదు. థైరాయిడ్ లోపం కావచ్చు. తిండి తగ్గించి చిక్కిపోవడం, మితిమీరిన వ్యాయామం, తీవ్రమైన మానసిక ఒత్తిడి కావచ్చు. చికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ 1935లో వర్ణించిన, నేడు పి.సి.ఓ.ఎస్. అని వాడుకలోనున్న రుగ్మత కావచ్చు. దీనిలో గడ్డంమీద వెంట్రుకలు, మొటిమలు, బరువు పెరగడం తరచు తోడవుతాయి. గర్భమేమోనని కూడా వైద్యులు విచారిస్తారు. అది నింద కాదు, వారి విధి.

అధిక రక్తస్రావాన్ని మరీ ఉపేక్షించరాదు. ఫిన్లాండు వైద్యుడు ఎరిక్ ఫాన్ విలెబ్రాండ్ 1926లో ఒక కుటుంబంలో వంశపారంపర్యంగా వస్తున్న రక్తస్రావ వ్యాధిని వెల్లడించాడు. ఆయన పరీక్షించిన బాలిక తన 13వ ఏట, నాలుగవ నెలసరిలో, రక్తం ఆగక మరణించింది. ఆయన పేరుతో పిలిచే ఆ వ్యాధికి నేడు మందులున్నవి. కాని గుర్తిస్తేనే గదా ఇచ్చేది! మన దేశంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల బాలికలలో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అటువంటి దేహానికి ప్రతి నెలా అదనపు నష్టం ఎంత భారమో వేరే చెప్పాలా?

కనుక 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోయినా, ఒక్కసారైనా 90 రోజులు దాటి నెలసరి రాకపోయినా, ఏడు రోజులు మించి స్రావం సాగినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసివచ్చినా, నడుమ నడుమ రక్తం కనబడినా, బడి మానిపించేంత నొప్పి వచ్చినా వైద్యసలహా పొందాలి. తొలి మూడేళ్లు గడచినా క్రమం కుదరకపోతే అప్పుడూ అంతే. చాలా సందర్భాలలో కొన్ని ప్రశ్నలు, రక్తపరీక్ష, పొట్టమీదినుంచి చేసే స్కానింగ్‌తో కారణం తెలుస్తుంది.

పాలవాడి లెక్క గోడమీది క్యాలెండరులో రాసుకునే ఇళ్లు మనవి. అదే క్యాలెండరుమీద పిల్ల తన తేదీల చెంత ఒక చుక్క పెట్టుకోవడానికి సిగ్గెందుకు? "చివరిసారి ఎప్పుడైందమ్మా?" అన్నదే వైద్యురాలి మొదటి ప్రశ్న. దానికి తల్లి ముఖం చూడకుండా పిల్ల తానే బదులు చెప్పగలిగితే, వైద్యం సగం సులువైనట్లే.