ఆఖరి పాటతో మొదలెట్టొద్దు!

'జానీ క్యాష్ పాటలు విందామనుకుంటున్నా. చూస్తే బోలెడున్నాయి. ఎక్కణ్నుంచి మొదలెట్టమంటావ్?'

ఈమధ్య ఆఫీసులో ఓ మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. పదేళ్ల కిందట అడిగుంటే తప్పు జవాబు చెప్పేవాణ్ని. ఎందుకంటే నేను మొదలెట్టిందే తప్పు చోట!

ఇంతకీ ఎవరీ జానీ క్యాష్ అంటారా? అమెరికా పల్లెల్లో పుట్టి పెరిగిన 'కంట్రీ' సంగీతంలో పెద్ద పేరు. 1932లో అర్కన్సాస్ రాష్ట్రంలో ఓ పేద రైతు ఇంట పుట్టాడు. చిన్నప్పుడు ఇంట్లోవాళ్లతో కలిసి పొలంలో పత్తి తీశాడు. 2003లో, 71 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా పాడుతూనే ఉన్నాడు.

నేను మొదట విన్నది 'హర్ట్'. 2002లో వచ్చింది. నిజానికది ట్రెంట్ రెజ్నర్ అనే రాక్ గాయకుడు రాసుకున్న పాట. వీడియోలో క్యాష్ జుట్టు నెరిసిపోయి ఉంటుంది. గ్లాసు వంచుతుంటే చెయ్యి వణుకుతుంది. గొంతులోనూ అదే వణుకు. 'పాపం, పెద్దాయన' అనుకున్నాను. కళ్లు చెమర్చాయి. అంతే! జాలిపడటంతో నా పని అయిపోయింది. చాలాకాలం ఆయన పాట మరొకటి వినలేదు.

తర్వాతెప్పుడో 'ఎట్ ఫోల్సమ్ ప్రిజన్' చేతికొచ్చింది. 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైల్లో ఖైదీల ముందు పాడిన పాటలివి. ఆయన జోకులేస్తాడు, దగ్గుతాడు, నవ్వుతాడు. మధ్యలో జైలు మైకులో ప్రకటనలూ వినిపిస్తాయి. ఒక పాటలో హత్య మాట రాగానే వినిపించే కేరింత మాత్రం తర్వాత కలిపింది. కాపలావాళ్లు కళ్లెదుట ఉంటే అలా అరిచే ధైర్యం ఖైదీలకెక్కడిది! చివర్లో వచ్చే 'గ్రేస్టోన్ చాపెల్' రాసింది అదే జైల్లో ఉన్న గ్లెన్ షెర్లీ అనే ఖైదీ. ఆ పాట క్యాష్ దగ్గరకు చేరింది ముందురోజే. రాత్రికి రాత్రే నేర్చుకుని, రాసినవాడు ముందు వరసలో కూర్చుని ఉండగా పాడాడు. ఈయన ఎవరికోసం పాడతాడో నాకప్పుడు అర్థమైంది. అందుకే మిత్రుడికి ముందు ఫోల్సమ్ వినమన్నాను.

అక్కణ్నుంచి వెనక్కి వెళ్లాలి. 1955లో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్‌లో మొదటి పాట విడుదలయ్యేనాటికి ఆయనకు 23 ఏళ్లు. మరుసటి ఏడాది 'ఐ వాక్ ద లైన్' వచ్చింది. కట్టుకున్నదానికి కట్టుబడి ఉంటానని చెప్పే పాట. డ్రమ్ము లేదు. గిటారు తీగల మధ్య కాగితం దూర్చి ఆ చప్పుడు పుట్టించాడు. వింటుంటే రైలు కదిలినట్టే ఉంటుంది. ఇక గొంతా... నూతిలోంచి వచ్చినంత లోతు, రాయంత గట్టి.

తర్వాత 1994 నాటి 'అమెరికన్ రికార్డింగ్స్'. 1980ల్లో పాత కంపెనీ వద్దనుకున్న మనిషిని నిర్మాత రిక్ రూబిన్ పిలిచి, ఒక్క గిటారుతో పాడించాడు. గొంతులో వయసు తెలుస్తుంది. పట్టు మాత్రం సడలలేదు.

ఇవన్నీ అయ్యాకే 'హర్ట్'. నేనూ ఈ వరసలోనే విని, మళ్లీ ఆ పాట పెట్టాను. వీడియోలో మెట్ల మీంచి ఆయన్నే చూస్తూ ఉండేది భార్య జూన్ కార్టర్. 2003 మేలో ఆమె వెళ్లిపోయింది, సెప్టెంబరులో ఆయన. ఈసారి నాకు జాలి కలగలేదు. రైలులా నడిచిన ఆ గొంతు ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటోందో తెలిసింది. ఏం పోయిందో తెలిసింది. ఏం మిగిలిందో కూడా.

మా నాన్న బడిపంతులు. అరుగు మీద నిలబడి పేరుపెట్టి పిలిస్తే, వీధి చివర గోలీలాడుకుంటున్న నేను పరిగెత్తుకొచ్చేవాణ్ని. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చాక మాట ముద్దగా వస్తోంది. ఒక్కో మాటకీ ఆగుతారు. పక్కింట్లోకి కొత్తగా వచ్చినవాళ్లు పలకరించి వెళ్తూ 'పాపం, పెద్దాయన' అంటారు.

వాళ్ల తప్పేం లేదు. వాళ్లు వినడం మొదలెట్టింది అక్కణ్నుంచి.