శిల్పారామ దర్శనము

మా అత్తవారిది పోచంపల్లి దాపున నున్న పల్లె. అచటి మా యింటి మగ్గము మూలబడి చాలకాలమైనది. సికిందరాబాదులో బెరుగుచున్న మా పిల్లలకు పల్లె బ్రదుకు చూపవలయునని, యొక ఆదివారమున అత్తగారిని గూడ వెంటబెట్టుకొని మెట్రో రైలులో మాదాపురపు శిల్పారామమునకు బోయితిమి.

ఇది 1992వ సంవత్సరమున నెలకొల్పబడినది. విస్తీర్ణము సుమారు 65 ఎకరములు. చెంతనే 1998లో వెలసిన సైబర్ టవర్స్. ఆ యద్దాల మేడల నీడన నీ గడ్డియిండ్లు! గ్రామీణ ప్రదర్శనశాలలోని మట్టియిండ్లలో నిలువెత్తు బొమ్మలు తమ తమ వృత్తులలో నిమగ్నమైనట్లు తీర్పబడినవి. పిల్లలు కుమ్మరి సారెను జూచి సంబరపడిరి.

నేతగాని బొమ్మ కడ అత్తగారు నిలిచిపోయిరి. "మీ మామగారిట్లే కూర్చుండెడివారు. మగ్గము మీది చేయి అందరికి గనబడును. ఆసు పోసిన చేయి యెవరికి గనబడునమ్మా?" అనిరి.

పోచంపల్లి పట్టుచీర నూలునకు రంగులద్దుటకు ముందు, దానిని అర్ధచంద్రాకారమున నాటిన మేకుల చుట్టు త్రిప్పవలయును. ఇదియే ఆసు పోయుట. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలయును. నాలుగైదు గంటలు పట్టును. ఇది ఇల్లాండ్ర పని. శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశముగారు తమ తల్లి లక్ష్మిగారి భుజబాధ చూడజాలక, 1999లో ఆసు యంత్రమును నిర్మించి దానికి ఆమె పేరే పెట్టిరి. ఆ పని గంటన్నరకు దిగినది. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. ఆ యంత్రము మా పల్లెకు వచ్చునాటికే అత్తగారి కుడిభుజము చెడిపోయినది.

మేము పుట్టింట తాతగారి కడ భారత భాగవతములు చదివితిమి. కావ్యనాయికల విరహతాపము లెన్నియో వల్లించితిమి. కాని కాపురమునకు వచ్చి పదునైదేండ్లైనను, అత్తగారి భుజమునకు నూనె రాచుటయే గాని, ఆ నొప్పి యెట్లు వచ్చెనో యెన్నడును అడిగి యెరుగము. ఆనాడు మిక్కిలి సిగ్గుపడితిమి.

తిరుగు రైలులో అత్తగారు మనుమరాలిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని, లేని మేకుల మీద లేని నూలును త్రిప్పి చూపిరి. నాలుగు మారులకే భుజము పట్టివేసినది. "ఇన్ని వేలసార్లా నాయనమ్మా!" అని పిల్ల ఆ చేయి పట్టుకొని విడువలేదు.

సోదరీమణులారా, శిల్పారామమును తప్పక చూడుడు. పోవునపుడు ఇంటి పెద్దమ్మను వెంట దీసికొని పొండు. బొమ్మలు పలుకవు, ఆమె పలుకును.